పురుగుకు శుద్ధి, రైతుకు శిక్ష

మే నెలలో సికింద్రాబాద్ తిరుమలగిరి లాల్‌బజారులో బంగినపల్లి కొనేవాళ్లు పండు రంగు చూస్తారు, తొడిమ దగ్గర వాసన చూస్తారు, కిలో ఎంతని బేరమాడతారు. ఈ పండును ఎన్ని డిగ్రీల దగ్గర వేడి చేశారని ఎవరూ అడగరు. అదే పండు జపాన్ చేరాలంటే వేడి ఆవిరి గదిలో లోపలి గుజ్జు 47.5 డిగ్రీల సెల్సియస్‌కు వచ్చి 20 నిమిషాలు అక్కడే నిలవాలి. యూరప్ వెళ్లే పండును 48 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ముంచుతారు. అమెరికాకైతే 400 గ్రే మోతాదు రేడియేషన్ తగలాలి. ఇవేవీ లేకుండా అమెరికాలోని పిల్లల కోసం సూట్‌కేసులో నాలుగు కాయలు పెట్టుకుని వెళ్లిన తల్లిదండ్రుల దగ్గర నుంచి వాటిని విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

ఈ డిగ్రీలు, నిమిషాలు, మోతాదులు ఎక్కడో రోమ్‌లో, టోక్యోలో, వాషింగ్టన్‌లో తేలే విషయాలని మనం పట్టించుకోలేదు. తోట గుత్తకు తీసుకునే వ్యాపారి మాత్రం పట్టించుకుంటాడు. ఎగుమతి ఆగిందని చెప్పి ధర దించుతాడు. ఎగుమతి సాగినప్పుడు పెంచాడా అంటే ఆ జాడ లేదు.

మా వాదన సూటిగా చెబుతాం. సరుకుతో పాటు పురుగు ప్రయాణం చేయకూడదన్నది న్యాయమైన నియమం. దాన్ని రైతు సంఘం ఒప్పుకోవాలి. ఆ నియమం పాటించడానికి కావలసిన యంత్రాన్ని రైతుకు అందనంత దూరంలో పెట్టడం, కాగితాన్ని రైతుకు అర్థం కాని భాషలో పెట్టడం, ఎక్కడ తప్పు జరిగినా నష్టాన్ని తోట దాకా దించడం అన్యాయం. కొట్లాడాల్సింది ఇక్కడ.

నియమం మనకూ కావాలి

మన సభల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. ఈ ప్రమాణాలన్నీ ధనిక దేశాలు మన సరుకును అడ్డుకోవడానికి పన్నిన ఎత్తులని. ఆ కోపానికి కారణాలున్నాయి, వాటి సంగతి కిందకు వస్తాం. అయితే ఆ మాట అనే ముందు 2021-22లో ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ జిల్లాల్లో మిర్చి వేసిన వాళ్లను అడగాలి. నల్ల తామర పురుగు పూలలో దూరి రసం పీల్చితే పూత రాలిపోయింది. మందు మీద మందు కొట్టి, చివరికి తోటలు పీకేసిన వాళ్లున్నారు. ఆ పురుగు మన నేలది కాదు, ఆగ్నేయాసియా నుంచి వచ్చి పడింది. 2018లో మన దేశంలో మొదటిసారి కనిపించి మొక్కజొన్న సుడిలో దిగిన కత్తెర పురుగు పుట్టిల్లు అమెరికా ఖండాలు. గోదావరి జిల్లాల్లో కొబ్బరి ఆకును మసిబార్చిన సర్పిలాకార తెల్లదోమా అటు నుంచి వచ్చిందే.

ఇవి ఏ దారిన వచ్చినా బిల్లు కట్టింది మనమే. పరాయి పురుగు ఒకసారి గట్టు దాటితే ఇక వెనక్కి పోదు. ఏటా మందుల షాపులో అప్పుగా మారుతుంది. కాబట్టి సరిహద్దు దగ్గర పురుగును ఆపే నియమం మొదట కాపాడేది సేద్యం చేసే వాడినే. మనకు ఆ రక్షణ కావాలన్నప్పుడు జపాన్ రైతుకూ, కాలిఫోర్నియా రైతుకూ అది వద్దనలేం.

నియమాలు ఎలా వచ్చాయో కొంచెం తెలుసుకోవాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1951లో అంతర్జాతీయ సస్యరక్షణ ఒడంబడిక కుదిరింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాక, మొక్కల ఆరోగ్యం విషయంలో ఈ ఒడంబడిక కింద తయారైన ప్రమాణాలే కొలబద్దలయ్యాయి. వాటిలో 15వ నంబరుది చెక్క పెట్టెల గురించి. చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలి, లేదా ఒప్పుకున్న మరో పద్ధతిలో శుద్ధి జరగాలి. 28వ నంబరుది పురుగుల శుద్ధి పద్ధతుల గురించి. దాన్ని 2007లో ఆమోదించారు. దాని కిందే ఏ పురుగుకు, ఏ సరుకుకు ఎంత మోతాదో అనుబంధాలు చేరుస్తూ వస్తున్నారు. 2009లో చేర్చిన ఒక అనుబంధం ప్రకారం పండు ఈగల కుటుంబం మొత్తానికి 150 గ్రే రేడియేషన్ చాలు. ఆ మోతాదు తగిలిన పిల్ల పురుగు ఇంకా కదులుతూ కనిపించవచ్చు, కానీ ఈగగా మారి ఎగరదు. సంతతి అక్కడితో సరి. పండు రేడియోధార్మికం అయిపోతుందన్న భయం వట్టిది.

మరి అమెరికా 400 ఎందుకు అడుగుతుంది? మన మామిడిలో పండు ఈగ ఒక్కటే లేదు, టెంక పురుగు కూడా ఉంది. అది టెంక లోపల దాక్కుంటుంది, పైకి గాటు కూడా కనిపించదు. దాన్నీ, మిగతా కీటకాలనూ కలిపి ఆపడానికి ఆ మోతాదు. ఇంతవరకు లెక్క శాస్త్రానిదే.

శాస్త్రం అయ్యాక బేరం మొదలు

అమెరికా తలుపులు దాదాపు 18 ఏళ్లు మూసి ఉంచి 2007లో తెరిచింది. ఆ 18 ఏళ్లలో పండు ఈగ తన స్వభావం మార్చుకుందా? లేదు. 2006లో రెండు ప్రభుత్వాల మధ్య అణు ఒప్పందం మాటలు సాగుతుండగా మామిడి కూడా బల్ల మీదికి వచ్చింది. మన పండు అటు వెళ్లడానికి, హార్లే డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లు ఇటు రావడానికి దారి ఒకే కాలంలో తెరుచుకుంది.

ఆ తర్వాత కూడా అమెరికా అధికారి ఇక్కడికి వచ్చి, రేడియేషన్ కేంద్రంలో కూర్చుని, కళ్లారా చూసి సంతకం పెట్టాలన్నారు. ఆయన రాకపోకల ఖర్చు మన వైపు నుంచే ముందుగా జమ చేయాలి. 2020, 2021 సీజన్లలో కరోనా వల్ల ఆ అధికారి రాలేదు, పండు వెళ్లలేదు. పండులో కొత్త పురుగేమీ పుట్టలేదు. యంత్రం పని చేస్తూనే ఉంది. ఒక కుర్చీ ఖాళీగా ఉన్నందుకు రెండు సీజన్లు పోయాయి. 2022లో తిరిగి తెరిచినప్పుడు కూడా అది ఇచ్చిపుచ్చుకోవడమే. మన మామిడి, దానిమ్మలకు బదులు వాళ్ల చెర్రీ పండ్లు, అల్ఫాల్ఫా ఎండుగడ్డి.

యూరప్ సంగతీ చూడాలి. 2013లో మన దేశం నుంచి వెళ్లిన పండ్లు, కూరగాయల సరుకుల్లో 207 చోట్ల పండు ఈగ వంటి చీడలు దొరికాయని చెప్పి, 2014 మే 1 నుంచి మామిడితో పాటు వంకాయ, కాకర, పొట్లకాయ, చేమ ఆకులను నిషేధించారు. మే 1 అంటే సీజన్ నడిమధ్య. పురుగు దొరికిన మాట నిజం. మన ప్యాక్ హౌసుల్లో తనిఖీ లోపించిన మాటా నిజం. అయితే లోపం ప్యాక్ హౌసుది, తనిఖీ అధికారిది. శిక్ష మాత్రం సరిగ్గా పండించిన తోటకూ, పండించని తోటకూ ఒకేలా పడింది. వేడినీళ్ల శుద్ధిని, తనిఖీని కట్టుదిట్టం చేశాక 2015లో మామిడి మీద నిషేధం ఎత్తేశారు. ఆ ఏర్పాటు ఒక ఏడాది ముందే చేసి ఉంటే నిషేధమే వచ్చేది కాదు.

2025 మే నెలలో జరిగింది ఇంకా ఘోరం. ఆ నెల 8, 9 తేదీల్లో నవీ ముంబైలోని కేంద్రంలో రేడియేషన్ పొంది విమానమెక్కిన 15 మామిడి సరుకులను లాస్ ఏంజిలిస్, శాన్ ఫ్రాన్సిస్కో, అట్లాంటాలలో తిప్పికొట్టారు. కారణం పురుగు కాదు. శుద్ధి జరిగిందని చెప్పే పత్రం సరిగా లేదన్నారు. ఆ పత్రం మీద సంతకం చేసేది శుద్ధి కేంద్రంలో ఉండే అధికారి. కేంద్రంలో జరిగిన తప్పుకు తమను బలి చేశారని ఎగుమతిదారులు మొత్తుకున్నారు. వెనక్కి తెచ్చుకోండి, లేదా అక్కడే నాశనం చేయండి అన్నారు. పండిన పండును వెనక్కి తెచ్చే ఖర్చు ఎవరు పెట్టగలరు? అక్కడే నాశనం చేశారు. నష్టం సుమారు 5 లక్షల డాలర్లని, అంటే మన లెక్కలో 4 కోట్ల రూపాయలకు పైనేనని ఎగుమతిదారుల అంచనా. వేల మైళ్లు పోయిన పండులో పురుగు లేదు, కాగితంలో తప్పుంది. దాన్ని దిద్దే పద్ధతి రెండు ప్రభుత్వాల దగ్గరా లేకపోయింది.

యంత్రం ఎవరి ఊళ్లో ఉంది?

అమెరికా మామిడి ఎగుమతికి వాడుతున్న రేడియేషన్ కేంద్రాల పేర్లు చెప్పుకుందాం. నాసిక్ దగ్గరి లాసల్‌గావ్, నవీ ముంబైలోని వాషి, అహ్మదాబాద్ దగ్గరి బావ్లా, కర్ణాటకలో కోలారు జిల్లా మాలూరు. ఈ పేర్లలో ఒక్క తెలుగు ఊరూ లేదు. జపాన్‌కు కావలసిన ఆవిరి శుద్ధికి ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, నూజివీడు కేంద్రాలున్నాయి. కొల్లాపూర్, జగిత్యాల, ఖమ్మం తోటల పండుకు ఎటు చూసినా దూరమే. హైదరాబాద్ నుంచి నవీ ముంబై 700 కిలోమీటర్ల దారి. మాలూరు 600 దాకా ఉంటుంది. కొల్లాపూర్‌లో కోసిన కాయ లారీలో అంత దూరం కుదుపులు తిని, అక్కడ వరుసలో నిలబడి, ఆపైన శుద్ధికి వెళ్లాలి. దారిలో దెబ్బ తగిలిన కాయ వేడికి నల్లబడుతుంది. అప్పుడు ‘మీ తెలంగాణ సరుకు నాణ్యత లేదు’ అని పేరు పెడతారు.

హాస్యాస్పదం ఏమిటంటే ఈ విద్య నేర్పే జాతీయ సంస్థ మన నగరంలోనే ఉంది. తిరుమలగిరి నుంచి చూస్తే నగరం అవతలి కొసన, రాజేంద్రనగర్‌లో, జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఉంది. 1966లో కేంద్ర సస్యరక్షణ శిక్షణ సంస్థగా మొదలైంది. దేశం నలుమూలల నుంచి వచ్చే వాళ్లకు విషవాయువు పట్టించడం, క్వారంటైన్ తనిఖీ, చీడల నిఘా నేర్పుతారు. చదువు రాజేంద్రనగర్‌లో ఉంది, పండు కొల్లాపూర్‌లో ఉంది, యంత్రం నవీ ముంబైలో ఉంది. ఈ మూడింటినీ ఒకచోట చేర్చడం ప్రభుత్వం పని. లాభం కనిపిస్తే తప్ప ప్రైవేటు పెట్టుబడి దాన్ని తలకెత్తుకోదు. తలకెత్తుకున్న రోజున కిలోకు ఎంత వసూలు చేసినా అడిగే నాథుడుండడు.

వాళ్ల పప్పుకు సడలింపు, మన పండుకు తాళం

ఇప్పుడు మన రేవుల వైపు చూద్దాం. మనకూ చట్టం ఉంది. 1914 నాటి చీడపీడల చట్టం కింద 2003లో కేంద్రం మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు తెచ్చింది. విదేశీ పప్పుధాన్యాలు ఓడ ఎక్కే ముందే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించి రావాలన్నది అందులో షరతు. కెనడా దాన్ని పాటించలేమంది. ఆ వాయువు ఓజోన్ పొరను దెబ్బ తీస్తుంది, చలి ప్రాంతంలో సరిగా పని చేయదు అని చెప్పింది. ఆ కారణాల్లో నిజముంది. మన ప్రభుత్వం ఓపికగా విన్నది. పదేళ్లకు పైగా గడువు మీద గడువు పొడిగించింది. 2017లో గట్టిగా పట్టుకున్నట్టే కనిపించి, ఇక్కడికి వచ్చాక వాయువు పట్టించుకోండి, తనిఖీ రుసుము అయిదు రెట్లు కట్టండి అంది. ఆ తర్వాత మళ్లీ సడలింపులు.

2023 డిసెంబరులో పసుపు బఠాణీ మీద దిగుమతి సుంకం కూడా ఎత్తేశారు. కందికి, శనగకు బదులుగా బజారులో దిగే సరుకు అది. తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చి దండ వేసిన చేత్తోనే, తాండూరు రైతుకు పోటీని సుంకం లేకుండా దించారు.

కెనడా రైతు కష్టం విన్నందుకు మాకు అసూయ లేదు. వాతావరణం, ఖర్చు, పర్యావరణం చూసి సడలింపు ఇవ్వవచ్చని మన ప్రభుత్వమే ఒప్పుకుంది కదా. మరి అదే న్యాయం మన పండుకు ఇమ్మని బల్ల మీద కొట్టి అడిగిందా? కెనడా ప్రభుత్వం తన రైతు తరఫున ఏళ్ల తరబడి వాదించింది. మన ప్రభుత్వం మన రైతుకు అవగాహన సదస్సు పెట్టింది.

‘రైతుకు అవగాహన లేదు’

ప్రతి సదస్సులో అధికారి ఎత్తుకునే మొదటి వాక్యం ఇదే. పండు ఈగ తొక్క కింద గుడ్డు పెడుతుందని, రాలిన కాయను వదిలేస్తే అందులోంచే మళ్లీ ఈగలు లేస్తాయని తెలియని మామిడి రైతు ఎవరు? మిథైల్ యూజినాల్ ఎర మగ ఈగలను లాగుతుందని చాలామందికి తెలుసు. కొందరు బుట్టలు కట్టారు. ఒక తోటలో కట్టి పక్క నాలుగు తోటల్లో కట్టకపోతే ఈగకు గట్టు అడ్డం కాదని కూడా కట్టిన వాళ్లకే తెలుసు. ఊరంతా ఒకేసారి బుట్టలు కట్టాలి, రాలిన కాయ ఏరి పాతిపెట్టాలి, పడిన ఈగలను లెక్క రాయాలి. ఇది ఒక్క రైతు చేయగలిగే పని కాదు. ఊరి పని, శాఖ పని.

అసలు ఆశ కూడా ఇక్కడే ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలోని 6వ అధికరణం చీడ లేని ప్రాంతాలను, చీడ తక్కువున్న ప్రాంతాలను దిగుమతి దేశాలు గుర్తించాలంటుంది. 4వ అధికరణం, వేరే పద్ధతిలోనైనా అంతే రక్షణ దొరుకుతుందని ఎగుమతి దేశం రుజువు చేస్తే ఒప్పుకోవాలంటుంది. అంటే కొల్లాపూర్ ప్రాంతంలో ఈగ ఎంత తక్కువుందో ఏళ్ల తరబడి లెక్క చూపగలిగితే, శుద్ధి భారం తగ్గించమని అడిగే హక్కు మన దేశానికి ఉంది. ఆ లెక్క ఉండాలంటే నిఘా ఉండాలి. నిఘా ఉండాలంటే ఉద్యాన శాఖలో మనుషులుండాలి. ఒక అధికారి మీద మూడు మండలాలు పెట్టి, రైతుకు అవగాహన లేదంటే ఎలా?

ఇంకో ముడి ఉంది. ఎగుమతికి వెళ్లే తోటను ‘మ్యాంగోనెట్’ వంటి పద్ధతిలో నమోదు చేయాలి. పండు ఏ తోటదో వెనక్కి పట్టుకోవడానికి అది అవసరమే. మరి కౌలు రైతు సంగతేమిటి? పూత మీదే గుత్తకు పోయిన తోటలో శ్రమ ఒకరిది, పేరు ఒకరిది, బిల్లు ఇంకొకరిది. నమోదులో కౌలుదారు పేరు లేకపోతే, ఎగుమతి ధర వచ్చినా అతని గుమ్మం తొక్కదు.

సంఘం అడగాల్సినవి

1. తెలంగాణ మామిడి తోటల నడుమ ప్రభుత్వ రంగంలో వేడినీళ్ల, ఆవిరి, రేడియేషన్ శుద్ధి కేంద్రం పెట్టాలి. మార్కెట్ కమిటీ, రైతు సహకార సంఘాల ప్రతినిధులు దాని నిర్వహణలో ఉండాలి. కిలోకు శుద్ధి రుసుము ఎంతో గోడ మీద తెలుగులో రాయాలి.

2. పురుగు దొరక్కుండా, కాగితం తప్పు వల్ల తిరస్కరించిన సరుకుకు పరిహార నిధి ఉండాలి. అందులో వాటా కేంద్రానిది, శుద్ధి కేంద్రానిది, ఎగుమతిదారుది. తిరస్కరణ సాకుతో తోట ధరలో కోత పెట్టడాన్ని నిషేధించాలి.

3. పండు ఈగ మీద ఊరూరా ఒకేసారి కార్యక్రమం నడపాలి. ఎర, బుట్టలు ఉద్యాన శాఖ ఇవ్వాలి. వారం వారం లెక్క ఊళ్లోనే బోర్డు మీద పెట్టాలి.

4. ఎగుమతి తోటల నమోదులో కౌలు రైతు పేరు, గుత్త ఒప్పందం తప్పనిసరి చేయాలి.

5. అంతర్జాతీయ ప్రమాణాల ముసాయిదాలను ఏటా జులై నుంచి సెప్టెంబరు దాకా దేశాల అభిప్రాయానికి పెడతారు. వాటిలో మన పంటలకు సంబంధించిన వాటి సారాంశం తెలుగులో రావాలి. రైతు సంఘాల మాట విన్నాకే ఫరీదాబాద్‌లోని కేంద్ర సస్యరక్షణ డైరెక్టరేట్ తన అభిప్రాయం పంపాలి.

6. దిగుమతి సరుకుకు ఇచ్చే ప్రతి క్వారంటైన్ సడలింపునూ కారణంతో సహా బహిరంగంగా ప్రకటించాలి.

వీటిలో ఒక్కటి కూడా ప్రమాణాన్ని సడలించమని అడగడం లేదు. దాన్ని పాటించే శక్తి మన చేతికి ఇమ్మని అడుగుతున్నాం.

ప్రభుత్వం కదిలే దాకా ఊరికే కూర్చోనవసరం లేదు. ఈ సీజన్‌లో ప్రతి గ్రామ శాఖ ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఎవరి తోట ఎంతకు పోయింది, గుత్త ఎవరిది, ఏ రోజున ఎంత తరుగు తీశారు, ఏ కారణం చెప్పారు, అన్నీ రాయాలి. బాటసింగారం మార్కెట్‌లోనైనా, జగిత్యాలలోనైనా, తోట గట్టు మీదనైనా వ్యాపారి ‘ఎగుమతి తిరస్కరించారు’ అంటే ఏ దేశం, ఏ తేదీ, ఏ పురుగు అని అడగండి. ఆ మూడూ కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. కాగితంలో ఒక తప్పుంటేనే విమానం దిగిన పండును పారబోయించారు. మన దగ్గర కోసే ప్రతి రూపాయికీ కాగితం అడిగే హక్కు మనకూ ఉంది.